గంజిదొడ్డి మిట్ట

ఖాదర్ మస్తాను జేసీబీ ఆపి
లుంగీ మడతలో పెట్టుకొచ్చినాడు దాన్ని.
సీసపు బిళ్ళ, పైన ఒక బెజ్జం.
గోటితో మట్టి గీకితే
ఆరు, ఒకటి, నాలుగు.

"రొయ్యల గుంట తవ్వతా ఉంటే లేచినాయి పెద్దమ్మా,
ఎముకలు. ఒకటా రెండా.
ఓనరు పూడ్చెయ్యమన్నాడు, బత్తా కూడా ఇచ్చినాడు.
నువ్వు ఆస్పత్రిలో చేసినదానివి గదా,
ఇదేందో చెప్తావని..."

చెప్పేదానికి నాకేం తెలుసు.
ఇసకపల్లి కాలవ కట్టన సరుగుడు తోపు దాటినాక
ఆ చవిటి నేలని గంజిదొడ్డి మిట్ట అంటారు.
గంజీ లేదు, దొడ్డీ లేదు,
మిట్ట కూడా అరిగిపోయి మోకాలెత్తు.
పేరొకటి మిగిలింది.
ఎందుకా పేరని ఎవురూ అడగరు.

మా జేజి మాత్రం ఆ దోవన నడిచేది కాదు.
అరమైలు చుట్టు తిరిగిపోయేది
ఉప్పుగాలికి కొంగు నోట్లో కుక్కుకొని.
ఇలవకూర వొండిన రోజు కంచం ముందు నించి లేచిపోయేది.
ఒక్కసారే చెప్పింది, అదీ జొరంలో:
ధాత కరువులో వాళ్ళమ్మ ఆడ మట్టి మోసిందంట, పదిహేనేళ్ళ పిల్ల.
తట్టలు లెక్కబెట్టి గంజి పోసేవాళ్ళు.
మొగోళ్ళొక పాక, ఆడోళ్ళొక పాక,
పిల్లకాయలు తడిక అవతల.
రాత్రిళ్ళు తమ్ముడి ఏడుపు గుర్తుపట్టి
ఉండాడులే అనుకొని నిద్రపొయ్యేదంట.
ఒక రాత్రి ఏడుపు వినబడింది గానీ
అది వాడిది కాదు.

అట్రాక్టా సిస్టరు నెల్లూరొచ్చేటప్పటికి నాకు పంతొమ్మిది.
ఐర్లండు మనిషి. ఎండకి చెవులు
పండుమిరపకాయలయ్యేవి.
తెలుగు మా ఆయాల దగ్గరే నేర్చింది గనక
'పోమాక, చెప్పమాక' అనేది మా మాదిరే.
ఇరవైయేళ్ళలో నన్నొక్కసారే కసిరింది.
"పన్నెండో మంచానికి గంజి పెట్టొచ్చినా" అన్నాను.
చేతిలో గిన్నె కిందపెట్టి,
"మంచానికి ఆకలి వెయ్యదు. ఆమె పేరేంది?"
నాకు తెలీదు. పోయి అడిగొచ్చినాను.
కుడుముల చెంచమ్మ.

ఆ రాత్రి వంటింటి వరండాలో
ఉర్లగడ్డలు వొలస్తా చెప్పింది:
ఆమె దేశంలో ఈ గడ్డే నేలలో ఉన్నదున్నట్టు కుళ్ళిపోయిన ఏళ్ళు,
ఊరూరికీ ఒక రాతి గోడల ఇల్లు,
లోపలికి పోతే పని, పనికి ఇంత గంజి,
వాకిట్లోనే తండ్రిని అటు, తల్లిని ఇటు తోసేవాళ్ళు.
ఆమె అవ్వ అందులో పుట్టింది.
బతికినన్నాళ్ళూ, నీదే ఊరంటే
పక్కూరి పేరు చెప్పిందంట.
వాళ్ళింట్లో దురదగొండాకు మాట ఎత్తకూడదు.
నేను ఇలవకూర సంగతి చెప్పినాను.
తర్వాత ఇద్దరం ఏం మాట్లాడలేదు.
సిస్టరు తొక్క ఎంత పల్చగా వొలిచేదంటే
దీపానికి అడ్డం పెడితే వెలుగు కనపడేది.

ఇప్పుడీ బిళ్ళ నా అరిచేతిలో.
జేజి చెప్పిన ఆ తమ్ముడిదేనేమో అని
మనసు లాగతానే ఉంది.
రుజువేం లేదు.
ఉన్నా, ముందున్న ఆరునూట పదమూడు మందిని పక్కకి నెట్టి
నా వాణ్ణొక్కణ్ణే ఏరుకోవడం ఏం న్యాయం.

"ఎముకలు ఏపాటియిరా ఖాదరూ?"
మోచేతి నించి మణికట్టు దాకా చూపించబోయి
సగంలో ఆపినాడు వేలు.

మోకాళ్ళు వాచి, నేను పోయేసరికి నెల దాటింది.
గుంట నిండా నీళ్ళు.
ఏరేటర్లు తిరగతా ఉన్నాయి,
తెల్లగా నురగ, గంజి పొంగినట్టు.
కాపలా పిల్లోడు అడ్డమొచ్చి
"ఎవురు కావాల అవ్వా?" అన్నాడు.

ఆరునూట పద్నాలుగు అనబోయి
సిస్టరు కసురుద్దని
ఆగినాను.